చెవిటి మామకు వన్స్ మోర్

న్యూజిలాండ్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరూ నన్ను గొర్రెల గురించే అడుగుతున్నారు. చూశాను. చాలా ఉన్నాయి. పచ్చటి కొండల నిండా గొర్రెలు, వాటి కాళ్ళ సందుల్లో కొత్తగా పుట్టిన పిల్లలు. మంచు కొండలు కూడా బస్సు కిటికీలోంచి దూరంగా కనిపించాయి. వాటి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఫొటోలు ఫోన్లో కావలసినన్ని దొరుకుతాయి. నేను అంత దూరం వెళ్ళింది వాటికోసం కాదు. యాభై నిమిషాల ఇటాలియన్ పాటల నాటకం ఒకటి చూడటానికి వెళ్ళాను. ఒకే అంకం, అదీ హాస్యం.

ఈ మాట విని మా ఆడపడుచు ముక్కున వేలేసుకుంది. "తెనాల్లో హాస్యం కరువైందా వదినా, విమానాలు మారి మారి పోవాలా?" అంది. కరువేమీ లేదు. కానీ ఆ నాటకంలో పాడేది మా చెల్లెలి కూతురు హిమజ. డునెడిన్‌లో చదువుకోవడానికి వెళ్ళి, చదువు అయ్యాక అక్కడి ఆసుపత్రి ల్యాబ్‌లోనే ఉద్యోగంలో చేరింది. చిన్నప్పుడు నేర్చుకున్న కర్ణాటక సంగీతం ఊరికే పోనివ్వకుండా ఆ ఊరి ఒపేరా సమాజంలో చేరింది. మూడేళ్ళు కోరస్‌లో వెనక వరసలో నిలబడింది. ఇన్నాళ్ళకు ముందు వరసకు వచ్చి, పేరున్న వేషం వేస్తోంది.

నా సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, ట్రంకు కాల్స్ కలుపుతూ అరిచి అరిచి రిటైరైనదాన్ని. కాలం చేసిన మా నాన్న సాంబయ్య పద్యనాటకాల్లో హాస్యగాడు. తెర వెనక సెట్టు మార్చేలోపు తెర ముందుకొచ్చి, ఆకలేసిన నౌకరు వేషంలో జనాన్ని నవ్వించి పోవాలి. అదే ఆయన పని. కరపత్రంలో రాజు వేషం వేసేవాడి పేరు పెద్దక్షరాల్లో ఉండేది. నాన్న పేరు ఉండేది కాదు, 'మరియు హాస్యము' అని ఉండేది. నాటకం ఆలస్యమైతే చాలు, లోపల్నుంచి ఎవరో ఒకరు "సాంబయ్య సీను ఎత్తేయండి" అనేవాళ్ళు. మొహానికి రంగు పూసుకుని కూర్చున్న మనిషి ఆ రంగు కడుక్కుని ఇంటికొచ్చేసేవాడు. అందుకే హాస్యం ఒకటి ఆడుతున్నారు, అందులో మా పిల్ల ఉందనగానే నేను వెనకాముందూ చూడలేదు.

ఆక్లాండ్‌లో రెండు రోజులు

ముందు దిగింది ఆక్లాండ్‌లో. హిమజ స్నేహితురాలు అఖిల సిటీ సెంటర్‌లో ఒక ఫ్లాట్‌లో ఉంటుంది. కరీంనగర్ పిల్ల. ఇంకో ముగ్గురు అమ్మాయిలు కూడా అదే ఫ్లాట్‌లో ఉంటారు. నాకు మంచం ఇచ్చి వాళ్ళు కింద పరుపులేసుకున్నారు.

"ఆంటీ, పాలు గావాల్నంటే గా మూలకున్న డైరీల దొర్కుతయ్" అంది అఖిల పొద్దున్నే. డైరీ అంటే గేదెలుంటాయనుకుని వెళ్ళాను. అది మన వీధి చివరి కిరాణా కొట్టు లాంటిది. పాలు, బ్రెడ్డు, పేపరు, ఐస్‌క్రీమ్ అన్నీ ఉన్నాయి. ఒక పెద్దమనిషి చెప్పుల్లేకుండా వచ్చి బ్రెడ్డు కొనుక్కుని పోయాడు. మనం గుడికి వెళ్తే తప్ప ఇంట్లోంచి చెప్పుల్లేకుండా కదలం. వీళ్ళు బజారుకు ఉత్తికాళ్ళతో వస్తారు, ఎవరూ పట్టించుకోరు.

ఇండియన్ షాపులో కరివేపాకు నాలుగు రెబ్బలు ప్యాకెట్ కట్టి నాలుగు డాలర్లకు అమ్ముతున్నారు. మా పెరట్లో చెట్టు గుర్తొచ్చింది. అయినా కొన్నాను, పిల్లలకు పప్పుచారు పెట్టాలి కదా. ఆ సాయంత్రం అన్నం తింటూ అఖిలను "నువ్వెప్పుడైనా ఒపేరా చూశావా?" అని అడిగాను.

"ఒక్కపారి హిమజ పిలిస్తే పోయిన ఆంటీ. అందరు సప్పుడు జెయ్యకుండ గూసున్నరు. నాకైతే నిద్రొచ్చింది" అంది నిజాయితీగా.

మనకు నిద్రొచ్చేది ఎవరూ గోల చెయ్యని చోటే, అనుకున్నాను.

వెల్లింగ్టన్ గాలి

రైల్లో వెల్లింగ్టన్ చేరాను. అక్కడ మా చెల్లెలి పాత పక్కింటివాళ్ళ అబ్బాయి రమణ ఉన్నాడు. అనంతపురం వాళ్ళు. ప్రభుత్వ శాఖ ఒకదానిలో కంప్యూటర్ కాంట్రాక్టు చేస్తున్నాడు. ఆ ఊళ్ళో గాలి గురించి ముందే చెప్పాడు గానీ నేను నమ్మలేదు. స్టేషన్ బయట గొడుగు తెరిచీ తెరవగానే అది తిరగబడి ఊచలన్నీ విరిగాయి. నా శాలువా ఎగిరి బస్ షెల్టర్ మీద పడింది. టై కట్టుకున్న ఒకాయన నడుస్తున్నవాడల్లా ఆగి, బెంచీ ఎక్కి శాలువా దించి ఇచ్చి, ఏమీ జరగనట్టు మళ్ళీ నడిచి వెళ్ళిపోయాడు. చుట్టూ చూస్తే నా చేతిలో తప్ప ఎవరి చేతిలోనూ గొడుగు లేదు.

బుధవారం సాయంత్రం డునెడిన్ విమానం. ఎయిర్‌పోర్ట్‌కు బయల్దేరుతుండగా గాలి వల్ల రద్దయిందని రమణ ఫోనుకు మెసేజ్ వచ్చింది. మళ్ళీ సీటు శనివారం ఇస్తారట.

"ఏం పర్వాలేదులే ఆంటీ. గాలి తగ్గినాంక నిమ్మళంగా పోదురు. ఆదివారం ఇంకో షో ఉండాదంటిరి కదా" అన్నాడు రమణ.

హిమజకు ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, రెండే షోలు. శుక్రవారం సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం. వచ్చే నెల మా సొసైటీ వెల్లింగ్టన్ టూర్‌కి వెళ్తోంది. మార్గరెట్ అని మా ప్రెసిడెంట్, ఈ రెండు షోలు చూసి డిసైడ్ చేస్తుంది. ముందు ఆడే సీరియస్ పీస్ ఎలాగూ వెళ్తుంది. మా కామెడీని తీసుకెళ్ళాలా, మానేయాలా అన్నదే డౌట్. జనం నవ్వితే ఉంటుంది. నవ్వకపోతే పెట్టెలో పెట్టేస్తారు, నేను మళ్ళీ కోరస్‌లోకి పోతాను."

'సాంబయ్య సీను ఎత్తేయండి' అన్న మాట అంత దూరంలో, ఇంకో భాషలో మళ్ళీ వినిపించింది నాకు. ఒళ్ళు మండింది.

"రమణా, పడవ లేదా?" అన్నాను.

"ఉండాది ఆంటీ. కానీ అది సముద్రం. అవతల దిగి మళ్ళా బస్సులో చానా దూరం. మీ వల్ల కాదు."

"మొదటి రోజు మొదటి ఆట చూడకపోతే నేను తెనాలిదాన్నే కాదు. టికెట్ తియ్యి" అన్నాను.

పడవ, బస్సు

గురువారం పొద్దుటికి గాలి కాస్త తగ్గింది. కాస్తే. పడవంటే మన గోదావరి లాంచీ కాదు, లారీలు, రైలు పెట్టెలు కడుపులో పెట్టుకుని పోయే ఓడ. రమణ భార్య కట్టిచ్చిన పులిహోర కిటికీ పక్కన కూర్చుని తిన్నాను. అది తప్పయింది. రెండు దీవుల మధ్య సముద్రంలోకి రాగానే ఓడ ఊగడం మొదలుపెట్టింది, పులిహోర లోపల నిలవనంది. ఎదురు సీట్లో ఉన్న ఆవిడ ఏమీ అడక్కుండా ఒక అల్లం బిస్కెట్టు నా చేతిలో పెట్టి, తను తింటూ ఎలా నెమ్మదిగా కొరకాలో చూపించింది. అల్లం మనకు కొత్త కాదుగా. రెండో బిస్కెట్టుకు కడుపు శాంతించింది. అవతల కొండల మధ్యకు వచ్చేసరికి నీళ్ళు చెరువులా నిలిచిపోయి ఉన్నాయి. లేచి డెక్ మీద నిలబడి, ఇంకా సగం దారే అయిందని నాకు నేను చెప్పుకున్నాను.

అక్కడి నుంచి బస్సు. సముద్రం పక్కనే రోడ్డు. ఒకచోట సీల్ అనే నీటి జంతువులు రాళ్ళ మీద పడుకుని, భోజనమయ్యాక అరుగు మీద ఒరిగిన పెద్దమనుషుల్లా ఒళ్ళు విరుచుకుంటున్నాయి. రాత్రికి క్రైస్ట్‌చర్చ్‌లో పడుకుని, శుక్రవారం పొద్దున్నే మళ్ళీ ఇంకో బస్సెక్కాను. ఆ దేశంలో నాకు బాగా నచ్చిన అలవాటు ఒకటి ఉంది. బస్సు దిగే ప్రతి మనిషీ డ్రైవరుకు గట్టిగా థాంక్స్ చెప్పి దిగుతాడు. వెనక తలుపు నుంచి దిగేవాళ్ళు కూడా ముందుకు వినబడేలా అరిచి మరీ చెప్తారు. మన దగ్గర దిగేటప్పుడు డ్రైవర్‌ను తిట్టి దిగుతాం.

జాయిస్

టిమరూ అనే ఊళ్ళో డెబ్బై దాటిన ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. పేరు జాయిస్. ఉన్ని సంచీ ఒళ్ళో పెట్టుకుని అల్లుతూ, డునెడిన్‌లో చెల్లెలి ఇంటికి వెళ్తున్నానంది. నా పేరు రాజ్యలక్ష్మి అని చెప్తే ఒకసారి నోట్లో తిప్పి చూసి, "రాజ్ అంటాను" అని తేల్చేసింది. అక్కడ అందరూ అంతే, వయసుతో పనిలేదు, పరిచయమైన నిమిషానికి పేరు పెట్టి పిలిచేస్తారు. ఆంటీ, అక్కయ్యా అని వరసలు కలిపే నోటికి మొదట్లో కొంచెం కొరతగానే ఉంటుంది.

నా ఇంగ్లీషు ఎక్స్ఛేంజి ఇంగ్లీషు, గట్టిగా ఉంటుంది కానీ అర్థమవుతుంది. ఒపేరా చూడటానికి వెళ్తున్నానంటే జాయిస్ మొహం చిట్లించింది.

"ఒకసారి వెళ్ళాను. చర్చిలో కూర్చున్నట్టు కూర్చోవాలి. దగ్గొస్తే అందరూ పాపిని చూసినట్టు చూశారు" అంది.

"మా ఊళ్ళో అయితే దగ్గడం కాదు, అరుస్తాం" అన్నాను.

పద్యనాటకం అంటే ఏమిటో చెప్పాను. రాజు పద్యం ఎత్తుకుని, చివర్లో రాగం తీసి తీసి వదిలితే జనంలోంచి 'వన్స్ మోర్' అని కేక పడుతుంది. కేక పడిందంటే మళ్ళీ పాడాల్సిందే. చచ్చిపోతూ పాడిన పద్యమైనా సరే.

జాయిస్ అల్లిక ఆపింది. "చచ్చిపోయినవాడు లేస్తాడా?"

"లేస్తాడు. పంచె దులుపుకుని మళ్ళీ పాడి మళ్ళీ చస్తాడు. ఇంకా బాగుందనుకోండి, మూడోసారి కూడా చస్తాడు."

ఆవిడ నవ్విన నవ్వుకు ముందు సీటువాళ్ళు తిరిగి చూశారు. అల్లికలో రెండు కుట్లు జారిపోయాయి. "మీ నాన్నకు కూడా కేకలు పడేవా?" అని అడిగింది, అప్పటికే నాన్న సంగతి చెప్పానుగా.

"లేదు. పద్యానికే వన్స్ మోర్. హాస్యానికి నవ్వు ఒక్కటే" అన్నాను.

"అది అన్యాయం" అంది జాయిస్ వెంటనే. ఎన్నో ఏళ్ళుగా నా కడుపులో ఉన్న మాటను ముక్కూమొహం తెలియని ఆవిడ బస్సులో అనేసరికి కళ్ళు చెమ్మగిల్లాయి. మీరూ రండి అని పిలిచాను. ఆ సాయంత్రం చెల్లెలితో పేకాటట. ఆదివారం చూస్తానంది.

డునెడిన్, రాతి హాలు

హిమజ బస్ స్టాపులో నిలబడి ఉంది. చిక్కిపోయింది. "నిజంగా పడవెక్కి వచ్చావా పెద్దమ్మా!" అని మెడ చుట్టూ చేతులేసింది. ఆ ఊళ్ళో రోడ్లు కొండల మీదికి నిచ్చెన వేసినట్టు ఎక్కుతాయి. ఊపిరి అందక నాలుగుచోట్ల ఆగుతూ, పాత రాతి చర్చిని హాలుగా మార్చిన చోటికి వెళ్ళాం.

లోపల పాటలవాళ్ళంతా టీ తాగుతున్నారు. చీజ్ రోల్ అని, బ్రెడ్డులో చీజ్ ముద్ద పెట్టి చుట్టి, పైన వెన్న రాసి కాల్చినది ఒకటి నాకూ ఇచ్చారు. దక్షిణాన ప్రతి ఇంట్లో చేస్తారట. మిరపకాయ పడితే ఇంకా బాగుండేది, అయినా రెండు తిన్నాను. వాద్యాలవాళ్ళను నడిపించే గ్రాహం అనే పెద్దాయన నా పక్కన కూర్చుని ఈ నాటకం పుట్టుక చెప్పాడు.

పూర్వం ఇటలీలో గంభీరమైన పెద్ద ఒపేరాలు ఆడేటప్పుడు, అంకానికీ అంకానికీ మధ్య జనం ఊపిరి పీల్చుకోవడానికి చిన్న హాస్యం ముక్కలు పెట్టేవాళ్ళట. ఇద్దరు ముగ్గురు పాత్రలు, ఒక గది, ఒక గొడవ. తరువాత అవి పెద్దవాటి నుంచి విడివడి ఏకాంకికలుగా నిలిచాయి. "కానీ నేటికీ వీటికి సొంత ఇల్లు లేదు" అన్నాడు గ్రాహం. "ఒక సాయంత్రానికి సరిపోయేంత పొడుగు ఉండవు. అందుకని ఏదో ఒక ఏడుపు ఒపేరాకు జతగా కట్టాలి. పెద్ద పెద్ద హాళ్ళలో ఎప్పుడో గాని ఆడరు. మా లాంటి చిన్న సమాజాలు, కాలేజీ పిల్లలు పాడబట్టే బతికి ఉన్నాయి. ఖర్చు తగ్గించాలన్నప్పుడు ముందు పోయేవి కూడా ఇవే."

సెట్టు మార్చేలోపు తెర ముందుకు వచ్చే మా నాన్న నా కళ్ళ ముందు నిలబడ్డాడు. మొహాన రంగు, భుజాన తుండు. ఇన్ని సముద్రాల అవతల ఆయన బంధువు ఒకడు ఉన్నాడని నాకు అప్పటిదాకా తెలియదు.

నాటకం ఇటాలియన్ పేరు నాకు నోరు తిరగలేదు, నేను దాన్ని చెవిటి మామ అని పిలుచుకున్నాను. కథ హిమజ ముందే చెప్పింది. ఒక ద్రాక్షసారా వ్యాపారి. మేనకోడలు పీపాలు చేసే కుర్రాణ్ణి పెళ్ళాడతానంటుంది. పెళ్ళి మాటెత్తితే చాలు, మామకు చెవుడు వచ్చేస్తుంది. ఆ పిల్ల మామ చెవి దగ్గర నెమ్మదిగా మొదలుపెట్టి, గొంతు పెంచుకుంటూ పోయి చివరికి గోడలు అదిరేలా పాడుతుంది. ఆయన చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ కూర్చుంటాడు. చివర్లో పనమ్మాయి మూలన నిలబడి 'పీపా కారుతోంది' అని గుసగుసలాడగానే ఎగిరి గంతేస్తాడు, దొరికిపోతాడు. మామ వేషం సియోనెది. టోంగా దేశం నుంచి వచ్చిన కుటుంబం, హైస్కూల్లో ఆటల మాస్టారు. తలుపంత మనిషి, గొంతు బావిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. మేనకోడలు మన హిమజ.

"పెద్దమ్మా, ఒక్క మాట" అంది హిమజ నన్ను పక్కకు తీసుకెళ్ళి. "ఇక్కడ మధ్యలో ఎవరూ అరవరు. పాట అయ్యాక కొంచెం క్లాప్స్ కొడతారు, అంతే. ప్లీజ్."

"నేనెందుకు అరుస్తానే, పిచ్చి పిల్లా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

శుక్రవారం

ముందు ఆడింది ఏడుపు నాటకం. అందులో ఒకామె సముద్రంలోకి పోయిన భర్త కోసం ఎదురుచూసి చూసి ప్రాణం వదిలింది. చాలా బాగా పాడారు. నా ముందు వరసలో అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ప్రెసిడెంట్ మార్గరెట్ మా వరసలోనే అటు చివరి సీట్లో, నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుని, నిటారుగా కూర్చుంది.

కాసేపు విరామం ఇచ్చి చెవిటి మామ మొదలుపెట్టారు. జనం ఇంకా ఆ చావులోంచి బయటికి రాలేదు. స్టేజి పైన తెర మీద ఇంగ్లీషులో మాటలు వస్తుంటే తలలెత్తి పాఠం చదువుతున్నట్టు చదువుతున్నారు. నవ్వితే ఎవరైనా ఏమనుకుంటారో అన్నట్టు ఉన్నారు. సియోనె చెవి తిప్పుకున్నాడు, నవ్వు లేదు. కుర్చీ లోంచి జారాడు, ఎవరో గొంతులో చిన్నగా నవ్వి ఆపుకున్నారు. హిమజ పాట ఎత్తుకుంది. నెమ్మదిగా, తరువాత కొంచెం గట్టిగా, తరువాత ఇంకా గట్టిగా, చివరికి ఆ రాతి గోడలు మోగేలా. మా పిల్ల గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. పాట ఆగింది. మర్యాదగా నాలుగు చప్పట్లు పడ్డాయి. చినుకులు పడి ఆగినట్టు ఆగిపోయాయి. మార్గరెట్ ఒళ్ళో ఉన్న చేతులు కదల్లేదు.

స్టేజి మీద హిమజ మొహం వాడిపోవడం నాకు కనిపించింది. రంగు కడుక్కుని ఇంటికొచ్చే నాన్న మొహం అది. ఆ తరువాత నేను అనుకుని చేసింది ఏమీ లేదు.

"వన్స్ మోర్!"

ట్రంకు కాల్స్ గొంతు. హాలంతా తిరిగి నన్నే చూసింది. వాద్యాలవాళ్ళు వయొలిన్ల కమాన్లు గాల్లోనే ఆపేశారు. హిమజ కళ్ళు మూసుకుంది. భూమి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. అప్పుడు సియోనె కుర్చీలో నెమ్మదిగా నావైపు తిరిగి, అరచెయ్యి చెవి వెనక పెట్టి, ఏమన్నావమ్మా, వినబడలేదే, అన్నట్టు మొహం పెట్టాడు.

చెవిటి మామ కదా.

ముందు వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. తరువాత ఆ వరస, ఆ తరువాత వెనక వరస. నేనింక వెనక్కి తగ్గే ప్రసక్తే లేదు. లేచి నిలబడి ఇంకా గట్టిగా అరిచాను. సియోనె తల అడ్డంగా ఊపి, రెండో చెవి చూపించాడు. ఈసారి నాతోపాటు పదిమంది అరిచారు. మూడోసారి హాలు హాలంతా అరిచింది. గ్రాహం నవ్వు ఆపుకుంటూ కాగితాలు వెనక్కి తిప్పి కర్ర ఎత్తాడు. హిమజ మళ్ళీ పాడింది. ఈసారి మామ చెవి తిప్పుకున్న ప్రతిసారీ జనం నవ్వారు.

నాటకం అయ్యాక మార్గరెట్ నేరుగా నా దగ్గరికి వచ్చింది. కోపం లేదు, మొహమాటమూ లేదు.

"ఆ నవ్వు నాటకానికి వచ్చిందా, మీకు వచ్చిందా అన్నది నాకు తెలియలేదు. ఆదివారం మళ్ళీ చూసి నిర్ణయిస్తాను. మీరు మాత్రం అరవకూడదు" అంది.

ఆవిడ మాటలో న్యాయం ఉంది.

శనివారం

హిమజ మర్నాడు మధ్యాహ్నం దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. టమాటా పప్పు చేసి ముందు పెడితే కలుపుతూ అంది, "రేపు మార్గరెట్ వద్దంటే, నా పాట బాగోలేకనా, నీ అరుపు వల్లనా అన్నది నాకు జన్మలో తెలీదు పెద్దమ్మా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. క్షమాపణ చెప్పాను. కాసేపటికి ఆ పిల్లే అడిగింది, "తాతయ్య ఎట్లా నవ్వించేవాడు?"

నేను చిన్నప్పుడు పక్క తెర సందులోంచి చూసేదాన్ని. గుర్తు తెచ్చుకుని చెప్పాను. "నాన్న నవ్వించడానికి ఏనాడూ చూడలేదే. ఆకలేసిన నౌకరు అన్నం అడిగితే ఎట్లా అడుగుతాడో అట్లాగే అడిగేవాడు. నిజంగా ఆకలేసినట్టే. రాజుగారు వినేవాడు కాదు. జనం పడి పడి నవ్వేవాళ్ళు."

హిమజ పప్పన్నం కలపడం ఆపేసింది. "నేను జనం వైపు తిరిగి పాడుతున్నా" అంది నెమ్మదిగా. "వాళ్ళు నవ్వాలని పాడుతున్నా. మామ వినాలని కదా పాడాల్సింది!"

లేచి చెయ్యి కడుక్కుని సియోనెకు ఫోన్ చేసింది. సాయంత్రందాకా పక్క గదిలోంచి అదే పాట వినిపిస్తూనే ఉంది. నేను పోపు గరిట పట్టుకుని, రేపు ఏమైనా సరే నోరు మెదపనని గట్టిగా అనుకున్నాను.

ఆదివారం

హాలు ముందు సియోనె నా చేతిలో ఒక టాఫీ పెట్టాడు. వాళ్ళ వీధి డైరీలో దొరికేదట, పళ్ళకు అతుక్కుందంటే గంటకు గాని వదలదట. "మార్గరెట్‌కు సాయం" అన్నాడు కన్నుకొడుతూ. చెవిటి మామ మొదలవగానే నోట్లో వేసుకున్నాను. పై దవడ, కింది దవడ ఒకటైపోయాయి.

ఈసారి హిమజ ఒక్కసారి కూడా మావైపు చూడలేదు. మామ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నిజంగానే బతిమాలుతూ మొదలుపెట్టింది. ఆయన చెవిలో వేలు పెట్టుకోగానే ఆ పిల్ల మొహంలో కనిపించిన నిరాశకు మొదటి నవ్వు పడింది. ఎవరూ పైన తెర చదవడం లేదు. గొంతు పెరిగిన కొద్దీ నవ్వు పెరిగింది. చివరి రాగం దగ్గర ఆమె మామ భుజాలు పట్టుకుని ఊపేస్తూ పాడుతుంటే, నా పక్కనున్న లావుపాటి ఆయన నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకున్నాడు. పాట ఆగింది. చప్పట్లు వాన కొట్టినట్టు పడ్డాయి. మార్గరెట్ కూడా కొడుతోంది.

చప్పట్లు తగ్గాయి. గ్రాహం తరువాతి పుట తిప్పడానికి చెయ్యి చాపాడు. నేను దవడలు ఇంకా బిగించాను. అప్పుడు వెనక వరసల్లోంచి, వణుకుతున్నా గట్టిగానే ఉన్న ఒక ముసలి గొంతు లేచింది.

"వన్స్ మోర్!"

తిరిగి చూశాను. జాయిస్. చంకలో ఉన్ని సంచీ పెట్టుకుని, పక్కన చెల్లెలితో నిలబడి ఉంది. శుక్రవారం ఏం జరిగిందో ఆవిడకు తెలియదు. సియోనె నెమ్మదిగా అటు తిరిగి చెవి వెనక చెయ్యి పెట్టాడు. ఆవిడ మళ్ళీ అరిచింది. చెల్లెలూ అరిచింది. లావుపాటి ఆయన అరిచాడు. మామ రెండో చెవి చూపించేసరికి హాలు మొత్తం అరిచింది. అరవనిది నేనొక్కదాన్నే. టాఫీ నములుతూ ఏడుస్తూ కూర్చున్నాను.

అయ్యాక మార్గరెట్ నా దగ్గర ఆగి నా బుగ్గ వైపు అనుమానంగా చూసింది. వేలితో దవడ చూపించాను. "రెండూ వెళ్తాయి" అంది. "వెల్లింగ్టన్‌కే కాదు. ఇకమీదట చెవిటి మామ మా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే నాటకం." హిమజ ఒక్క గంతులో వచ్చి నన్ను పట్టుకుంది. ఆ పిల్ల మొహం రంగంతా నా శాలువాకు అంటింది. ఇప్పటికీ ఉతకలేదు.

జనం పలచబడ్డాక జాయిస్ సంచీ సర్దుకుంటూ వచ్చింది.

"సరిగ్గా అరిచానా రాజ్?" అని అడిగింది, పరీక్ష రాసొచ్చిన పిల్లలా.

టాఫీ ఇంకా వదల్లేదు, మాట రాలేదు. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని తల ఊపాను. మా నాన్నకు వినపడేంత గట్టిగా అరిచింది.